ఉద్యోగుల కౌన్సెలింగ్ సేవ: ఆరు నెలల అనుభవం

ఆందోళనతో, కుంగుబాటుతో ఉద్యోగం నెట్టుకొస్తున్న నేను, మా సంస్థ ఏర్పాటు చేసిన ఫోన్ కౌన్సెలింగ్ సేవను ఆరు నెలలుగా వాడుతున్నాను. మొదటి రోజే కుంగుబాటు ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపించారు. గడచిన 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఏకాగ్రత వంటివి ఎలా ఉన్నాయో అడిగే ఆ 9 ప్రశ్నల్లో 27కి నాకు 16 వచ్చినప్పుడు, ఇన్నాళ్లూ బద్ధకమని నన్ను నేను తిట్టుకున్నది జబ్బని తెలిసి చాలాసేపు ఏడ్చాను.

నాకు బాగా అక్కరకొచ్చింది మాత్రం పనిని చిన్న ముక్కలుగా విడగొట్టుకోవడం నేర్పిన తీరు. ఉదయం మెయిల్ తెరవాలంటేనే గుండె దడదడలాడే నన్ను, ముందుగా ఒక్క మెయిల్‌కే జవాబిచ్చి, దానికి ముందూ తరువాతా ఆందోళన పదికి ఎంతుందో రాసుకోమన్నారు. మూడో వారానికి 8 నుంచి 4కి దిగిన అంకె నా చేతిరాతలోనే కనిపించింది. మందులు అవసరమనిపించి సైకియాట్రిస్టు దగ్గరకు పంపినప్పుడు, వాటి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పడం వల్లే నేను మధ్యలో మానేయలేదు.

లోపాలూ ఉన్నాయి. సమయాలన్నీ పనివేళల్లోనే ఇవ్వడంతో ఆఫీసు మెట్ల మీద కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడవలసి వచ్చింది. నడుమ కౌన్సెలర్ మారడంతో కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి రావడం నిజంగా బాధించింది. అయినా, మన మాటలు పై అధికారికి చేరవని రాతపూర్వకంగా హామీ ఇస్తున్నారు కనుక, సంకోచిస్తున్న సహోద్యోగులకు ఈ సేవను మనస్ఫూర్తిగా సూచిస్తున్నాను.