గ్రాఫిక్స్ కార్డు ముందా, ప్రాసెసర్ ముందా?

ఒంగోలులో మా తమ్ముడు ఆటలాడే కంప్యూటర్‌లో 2019 నాటి రైజెన్ 5 3600 ప్రాసెసర్, 4 జీబీల జీటీఎక్స్ 1650 కార్డు ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బుకు వచ్చేది ఒక్కటే: 8 జీబీల ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, లేదా బయోస్ (మదర్‌బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే అదే మదర్‌బోర్డులో అమరే రైజెన్ 7 5700ఎక్స్3డీ ప్రాసెసర్.

ఏది మార్చాలో నిర్ణయించేందుకు నేను నమ్మే పరీక్ష ఒకటుంది. ఆట రిజల్యూషన్‌ను (తెర మీది బొమ్మ స్పష్టతను) 1080 నుంచి 720కి తగ్గించినప్పుడు సెకనుకు వచ్చే ఫ్రేములు బాగా పెరిగితే భారం కార్డు మీద ఉన్నట్టు, దాదాపు అక్కడే నిలిచిపోతే ప్రాసెసర్ అందుకోలేకపోతున్నట్టు. మావాడి తెర మీద కార్డు వాడకం 98 శాతం చూపుతుండగా ప్రాసెసర్ సగం ఖాళీగానే ఉంది. 720కి దించగానే ఆట తడబాటు లేకుండా సాగింది.

కొత్త ప్రాసెసర్ తక్కువదేమీ కాదు. పాతదానిలో 32 ఎంబీలున్న ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) ఇందులో 96 ఎంబీలు కావడం వల్ల, వందల పాత్రలు ఒకేసారి కదిలే వ్యూహపు ఆటలలో దాని ప్రయోజనం స్పష్టంగా కనిపిస్తుంది. అయితే మావాడు ఆడేవి అడవులు, నీడలు, నీటి మెరుపులు నిండిన ఆటలు. వాటికి పాత కార్డులోని 4 జీబీల మెమరీ ఏమాత్రం చాలదు.

అందుకే కార్డుకే నా ఓటు. 4060 గరిష్ఠంగా 115 వాట్లే తీసుకుంటుంది కానీ, మావాడి పాత కార్డుకు అక్కరలేని విడి పవర్ కేబుల్ దీనికి కావాలి కనుక కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను ముందే చూసుకోవాలి. క్యాబినెట్ తెరిస్తే ముందువైపు ఫ్యాను రెక్కలకు ధూళి అట్టకట్టి ఉంది. రోహిణి కార్తె ఎండలకు ముందే దాన్ని తుడవడం కూడా అంతే అవసరం.