ఫుకగావా ఎడో మ్యూజియం: నాలుగున్నర చాపల ఇంట్లో కాసేపు

టోక్యోలో సుమిదా నదికి తూర్పున, కియోసుమి-షిరకావా స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడకలో ఉన్న ఫుకగావా ఎడో మ్యూజియంను (ఎడో అంటే టోక్యో పాత పేరు) చూడడానికి నిలబడే ఓపిక కంటే కూర్చునే ఓపిక ఎక్కువ కావాలి. 1986లో తెరిచిన ఈ ప్రదర్శనశాలలో, 1840ల తొలినాళ్ళ ఫుకగావా సాగచో పేటలోని ఒక భాగాన్ని వీధులతో, ఇళ్ళతో సహా అసలు కొలతలకే తిరిగి కట్టారు. పెద్దలకు ప్రవేశ రుసుము 400 యెన్‌లు. లోపలికి వెళ్ళగానే ముందు ఇంటి కప్పులు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని మీద ఒక యంత్రపు పిల్లి మ్యావుమంటూ ఉంటుంది. అక్కడినుంచి మెట్లు దిగితే వీధిలో ఉంటాము.

వీధి ముఖాన ఎండుచేపల ఎరువు అమ్మే టోకు వ్యాపారి కొట్టు, బియ్యం దంచి అమ్మే అంగడి, కూరగాయల దుకాణం, కాలువ ఒడ్డున పడవల విడిది, నిప్పు ఎక్కడ అంటుకున్నదో కనిపెట్టే ఎత్తైన మంచె ఉన్నాయి. అన్నీ శ్రద్ధగా చేసినవే. అయినా నా సమయమంతా వాటి వెనుక సందులో ఉన్న నగయలోనే గడిచింది.

నగయ అంటే పొడవాటి ఇల్లు. ఒకే కప్పు కింద వరుసగా గదులు కట్టి, నడుమ పలుచని గోడలు పెట్టి, ఒక్కో గదిని ఒక్కో కుటుంబానికి అద్దెకు ఇచ్చేవారు. ఎడో నగరంలో సామాన్యుల వాటా సాధారణంగా తొమ్మిది షకుల వెడల్పు, రెండు కెన్‌ల లోతు, అంటే సుమారు 2.7 మీటర్లకు 3.6 మీటర్లు ఉండేది. గది జాగాను నేల మీద పరిచే తతామి అనే గడ్డిచాపల లెక్కన చెబుతారు. అందులో గుమ్మం దగ్గర ఒకటిన్నర చాపంత జాగా పొయ్యికీ నీళ్ళ తొట్టికీ వదిలిన మట్టినేల (దాన్ని దొమ అంటారు, తెలుగు చెవికి వేరే ప్రాణి గుర్తుకొస్తే తప్పు కాదు) పోగా, మిగిలిన నాలుగున్నర తతామి చాపల మీదే తిండీ, నిద్రా, చేతిపనీ జరిగేవి. ఈ లెక్కలు పుస్తకంలో చదివినప్పుడు అంకెలుగానే ఉంటాయి. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, చాప మీద కూర్చుని, చేయి చాస్తే పొయ్యి ఎంత దూరంలో ఉన్నదో చూసినప్పుడే అవి ఒంటికి తెలుస్తాయి. ఇక్కడ అలా కూర్చోనిస్తారు, సామాను తాకనిస్తారు. నా దృష్టిలో ఈ ప్రదర్శనశాల గొప్పతనమంతా ఇందులోనే ఉంది.

ప్రతి వాటాకూ ఒక కాపురస్తుణ్ణి ఊహించి, అతని వృత్తికి తగిన సామాను అమర్చారు. ఒకచోట ఆల్చిప్పల మాంసం ఒలిచి వీధుల్లో తిరిగి అమ్మేవాడి కావడి, ఇంకోచోట మూడు తీగల షమిసెన్ నేర్పే స్త్రీ వాద్యం. సామాను ఎంత తక్కువో చూస్తే మొదట పేదరికమే అనిపిస్తుంది కానీ, తరచూ తగలబడే కొయ్య నగరంలో ఒక్క మూటతో బయటపడగలగడం కూడా అవసరమే. పరుపు పెట్టడానికి అల్మారా ఉండదు. పగలు దాన్ని మడిచి మూలన పెట్టి, ముందు తెర అడ్డం పెట్టేవారు.

గది అంత ఇరుకైనా బతుకు సాగిందంటే, ఇంటి పనుల్లో సగం సందులోకి నెట్టేసినందువల్లనే. బావి, చెత్తగుంట, మరుగుదొడ్డి, ఇనారి అనే పంటల దేవతకు చిన్న గుడి అన్నీ ఉమ్మడివే. ఈ పేట సముద్రాన్ని పూడ్చి చేసిన నేల కనుక బావినీరు ఉప్పగా ఉండేది; తాగడానికి పడవల్లో తెచ్చిన నీటిని కొనుక్కునేవారు. మరుగుదొడ్డి తలుపు కింది సగానికే ఉంటుంది. అక్కడ పోగైన మలాన్ని రైతులు ఎరువుగా కొనుక్కుపోయేవారు. ఆ డబ్బు కాపురస్తులకు కాక, స్థల యజమాని తరఫున అద్దెలు వసూలుచేస్తూ వాళ్ళ మంచిచెడ్డలు చూసే ఒయాకు చేరేది. అద్దెకున్నవారి రోజువారీ అవసరం కూడా ఒయాకు ఆదాయమే అన్నమాట! ఈ సంగతి తెలిశాక ఆ సగం తలుపును చూసే చూపు మారుతుంది.

వాసనలు, బురద, పక్కింటి పసిపిల్లల ఏడుపు ఏ ప్రదర్శనశాలలోనూ దొరకవు కనుక, సందు నిజమైన దానికంటే ప్రశాంతంగా ఉండడం సహజమే. ఆ లోటును వెలుతురు కొంత తీరుస్తుంది. కోడికూతతో తెల్లవారి, అమ్మకందార్ల కేకలతో పగలు సాగి, క్రమంగా చీకటి పడుతుంది. ఒక్క పగలూ రాత్రీ పూర్తిగా గడిచేదాకా ఒకే గుమ్మంలో కూర్చోవడం మంచిది. సులువుగా విప్పుకునే చెప్పులు వేసుకుని వెళ్ళండి. ఒక్కో వాటాలోకీ ఎక్కి దిగాల్సి వస్తుంది.