మాదాపూర్‌లో రెండ్రోజుల స్క్రమ్ మాస్టర్ క్లాసు: డబ్బులకి తగ్గట్టుందా?

శనాదివారాలు రెండూ పోగొట్టుకుని మాదాపూర్‌లో స్క్రమ్ మాస్టర్ సర్టిఫికేషన్ క్లాసుకి వెళ్ళొచ్చా. స్క్రమ్ అంటే సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకునే పద్ధతి, టీంలో అది సరిగ్గా నడిచేలా చూసేవాళ్ళు స్క్రమ్ మాస్టర్. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదు, మిగతావి కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయని వెళ్ళొచ్చిన ఫ్రెండ్స్ చెప్పారు కాబట్టి ఎక్కడికెళ్ళినా ఈ రివ్యూ పనికొస్తుంది. నాది టెస్టింగ్, తొమ్మిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్. మా టీంలో ఉన్న స్క్రమ్ మాస్టర్ పేపర్లేసి వెళ్ళిపోయాక ఆ పని నా నెత్తిన పడింది, ఎలాగూ చేస్తున్నావుగా సర్టిఫికెట్ కూడా తెచ్చేసుకో అన్నాడు మా మేనేజర్. డబ్బులు మాత్రం నావే.

మొదటి రోజు పొద్దుటంతా స్లైడ్లు. 1986లో టకేయుచి, నొనాకా అని ఇద్దరు జపాన్ ప్రొఫెసర్లు హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక ఆర్టికల్ రాస్తూ మంచి టీంలని రగ్బీ ఆటతో పోల్చారంట, స్క్రమ్ అనే పేరు ఆ ఆటలోంచే వచ్చింది, 1995లో కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ దాన్ని ఒక పద్ధతిగా జనం ముందు పెట్టారు... వినడానికి బానే ఉంది గానీ దీనికి గంటన్నరా? మిగతా స్లైడ్లలో సగం, ఈ పద్ధతి రూల్సన్నీ ఉండే స్క్రమ్ గైడ్‌లోంచి ఎత్తి పెట్టినవే. ఆ గైడ్ నెట్‌లో ఫ్రీ, 2020 వెర్షన్ మొత్తం కలిపి 13 పేజీలు, మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగేలోపు చదివేయొచ్చు. ఏసీ ఒకటి చంపేసింది, శాలువా తెచ్చుకున్నామె ఒక్కతే తెలివైంది.

మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక అందరూ తూగుతున్నారని ట్రైనర్ గారికి అర్థమైనట్టుంది, ప్రొజెక్టర్ ఆపేసి "మీ ఆఫీసుల్లో నిజంగా ఏం జరుగుతోందో చెప్పండి" అన్నారు. నేను కట్టిన డబ్బులు వసూలైంది ఇక్కడే.

ఒకమ్మాయి లేచి "సార్, మా స్టాండప్ రోజూ ముప్పావుగంట పడుతోంది" అంది. స్టాండప్ అంటే టీమంతా రోజూ కలిసి పని గురించి మాట్లాడుకునే చిన్న మీటింగు, 15 నిమిషాలు దాటకూడదని రూలు. ఆయన ఆ రూలు ఏమీ చెప్పలేదు. "మాట్లాడేటప్పుడు అందరూ ఎవరి మొహం చూస్తారమ్మా?" అని అడిగారు. "మేనేజర్ గారి మొహం సార్." క్లాసంతా ఒకటే నవ్వు, నేను కూడా నవ్వా గానీ మా దగ్గరా అదే కథ. నిన్న ఏం చేశా, ఇవాళ ఏం చేస్తా, అడ్డంకులేంటి అనే మూడు ప్రశ్నలు 2020 గైడ్‌లోంచి తీసేశారంట, మనమేమో ఇంకా వాటినే వల్లె వేస్తున్నాం. మనుషుల్ని వరసగా అడగడం మానేసి బోర్డుని (ఏ పని ఏ దశలో ఉందో ఎడమ నుంచి కుడికి చూపించేది) కుడివైపు నుంచి చూడండి, డన్‌కి, అంటే పూర్తవ్వడానికి దగ్గరున్న టికెట్ (ఒక్కో పనికి ఒక చీటీ) ముందు, దాన్ని ఇవాళ దాటించడానికి ఎవరేం చెయ్యాలో మాట్లాడుకుని లేవండి అన్నారు. సోమవారం మా టీంలో చేసి చూశా. మొదటి రోజు ఎవ్వరూ నోరు విప్పలేదు, ఘోరం. గురువారానికి 18 నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత అందరూ ఎదురుచూసే ప్రశ్న, ఒక స్టోరీ పాయింట్ అంటే ఎన్ని గంటలు? స్టోరీ అంటే చెయ్యాల్సిన ఒక పని, అది ఎంత పెద్దదో అంచనాగా వేసుకునే అంకె పాయింట్లు. గైడ్ మొత్తం వెతికినా స్టోరీ పాయింట్ అనే మాట ఒక్కసారి కూడా లేదు, వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో, అంటే ఒక విడతలో, టీం పూర్తి చేసే పాయింట్లు) కూడా లేదు అంటే సగం మంది నమ్మలేదు, అక్కడికక్కడే ఫోన్లు తీసి వెతికారు. పాయింట్లు వద్దని ఆయన అనలేదు, మీ టీం మీ పని అంచనా వేసుకోవడానికి వాడుకోండి అన్నారు, గంటల్లోకి మార్చి ఎక్సెల్‌లో పెట్టినా, పక్క టీంతో పోల్చినా పాడైపోద్ది అంతే. "వాళ్ళు 60 చేశారు మీరు 35 ఏంటి అని అడిగితే వచ్చే స్ప్రింట్ నుంచి 5 పాయింట్ల స్టోరీని 8 అనండి, మీరే టాపర్లు" అన్నారు. మేం ఎవరూ చెప్పకుండానే పోయినేడాది నుంచి అదే చేస్తున్నాం.

నా ప్రశ్న స్పిల్‌ఓవర్ మీద, అంటే స్ప్రింట్‌లో పూర్తికాక మిగిలిపోయే పని. మాది రెండు వారాల స్ప్రింటు, డెవలపర్లు రెండో గురువారం సాయంత్రం బిల్డ్ ఇస్తారు, శుక్రవారం మధ్యాహ్నం డెమో, అంటే టెస్టింగ్‌కి ఒక రాత్రి, ఆ రాత్రి నాది. ప్రతి స్ప్రింట్‌లో మూడు నాలుగు స్టోరీలు మిగిలిపోతాయి, టెస్టింగ్ లేటు అని రెట్రోలో (స్ప్రింట్ ఎలా జరిగిందో చివర్లో మాట్లాడుకునే మీటింగు) నా పేరే రాస్తారు. ఆయన ఒకటే అడిగారు, ఇప్పుడు మీ బోర్డు మీద ఇన్ ప్రోగ్రెస్‌లో ఎన్నున్నాయి, టీంలో ఎంతమంది? తొమ్మిది స్టోరీలు, ఆరుగురం. "ఆరుగురికి తొమ్మిదా? మరి ఏది పూర్తవుద్దండీ?" అన్నారు. ఒకటి పూర్తిగా దాటించాకే ఇంకోటి మొదలెట్టండి, మొదటి బుధవారానికే చిన్నదైనా ఒకటి టెస్టింగ్‌కి రావాలి, డెఫినిషన్ ఆఫ్ డన్‌లో (ఏమేం అయితే పని పూర్తయినట్టో రాసుకున్న లిస్టు) టెస్టింగ్ లేకపోతే ముందు అది రాసుకోండి, పూర్తవ్వనిది రివ్యూలో, అదే డెమోలో, చూపించకుండా బ్యాక్‌లాగ్‌కి (ముందు ముందు చెయ్యాల్సిన పనుల లిస్టు) పంపండి అన్నారు. స్ప్రింట్‌లో ఎంత పని చేస్తామో చెప్పే చోట 2011 గైడ్‌లోనే కమిట్‌మెంట్ అనే మాట తీసి ఫోర్‌కాస్ట్ (అంచనా) అని మార్చారంట, అంటే ఒప్పుకున్నావుగా, చచ్చినా చెయ్యాలి అనే బెదిరింపు పదేళ్ళ పైనుంచీ చెల్లదన్నమాట. మా మేనేజర్‌కి ఈ ఒక్క లైను ఫ్రేము కట్టించి ఇవ్వాలనుంది.

ఆయన తేలిపోయింది మాత్రం ఆఫ్‌షోర్ ప్రశ్న దగ్గర, అంటే క్లయింట్ అక్కడ, పని చేసేది ఇక్కడ. ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు కావాలో తేల్చేవాళ్ళు) డల్లాస్‌లో ఉంటారు, ఇక్కడ ఒక బీఏ (బిజినెస్ ఎనలిస్ట్) ఆయన తరఫున మాట్లాడతాడు, ఏ డౌటు అడిగినా "కనుక్కుని చెప్తా", రాత్రి ఎనిమిదిన్నర కాల్‌లో సగం సమాధానం, ఇక్కడ ఒక రోజు పోతుంది. ఆ హాల్లో ఉన్న సగం మందిది ఇదే బాధ, "క్లయింట్‌తో ఓపెన్‌గా మాట్లాడండి" అని వదిలేశారు. సార్, ఆ మాట చెప్పడానికి ఫీజెందుకు, మా అమ్మ కూడా చెప్తుంది.

రెండో రోజు ఎగ్జాం హడావుడి, మాక్ టెస్టులు, పరుగో పరుగు. అసలు ఎగ్జాం ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో రాసుకోవచ్చు, 50 ప్రశ్నలు, గంట టైం, 37 కరెక్టైతే పాస్, పాసయ్యా, గైడ్ రెండుసార్లు చదివితే ఎవరైనా అవుతారు. రెండేళ్ళకోసారి 100 డాలర్లు కట్టి రెన్యూ చేసుకోవాలన్న సంగతి మాత్రం డబ్బులు కట్టేటప్పుడు ఎవరూ చెప్పలేదు, చివర్లో నసిగారు. రెజ్యూమెలో పెట్టడానికే అయితే వేరే సంస్థ ఇచ్చే పీఎస్ఎం 1 అనే స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ చూడండి, క్లాసు తప్పనిసరి కాదు, రెన్యూవల్ గొడవ లేదు, కాకపోతే అది కష్టం, 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి.

నా మార్కులు 5కి 3, ఆ మూడూ శనివారం మధ్యాహ్నానికే. వెళ్ళేవాళ్ళు గైడ్ ఇంట్లోనే చదివేసి, మీ బోర్డు స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి, క్లయింట్ పేరు కనపడకుండా చూసుకోండి. అన్నట్టు పార్కింగ్ లేదు, బండి మీద వెళ్ళడం బెటర్.