అనాథలు కాని పిల్లల దగ్గర ఆరు రోజులు: మా చిత్వన్ ప్రయాణం

ముందే చెప్పేస్తున్నాను. సేవ చేద్దామని డబ్బు కట్టి నేపాల్ వెళ్లేవాళ్లెవరూ అనాథాశ్రమం ఉన్న ప్యాకేజీ తీసుకోవద్దు. నేనూ మా చెల్లెలూ తీసుకున్నాం. మూడు వారాలకు మనిషికి 36,000 రూపాయలు కట్టి, ఆరో రోజున సంచులు సర్దుకుని బయటికి వచ్చేశాం. డబ్బు పోయిందన్న బాధ కాస్త తగ్గింది. ఆ పిల్లల సంగతి మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యాను. చెల్లెలు పీహెచ్‌సీలో ఏఎన్‌ఎం, 34 ఏళ్ల సర్వీసు. నాకు చదువు చెప్పే పని, తనకు ఆరోగ్యం పని ఒకే చోట దొరుకుతాయని ఏజెన్సీ వాళ్లు ఫోన్లో చెప్తే ఇద్దరం సంబరపడ్డాం. నేపాలీ కూడా దేవనాగరిలోనే రాస్తారు కాబట్టి భాష గురించి నాకు టెన్షన్ లేదు.

విజయవాడలో రప్తిసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగాం. థర్డ్ ఏసీ మనిషికి 2,100 దాకా అయింది, సీనియర్ల రాయితీ ఇప్పుడు లేదు. అక్కడి నుంచి బస్సులో మూడు గంటలకు సునౌలి. సరిహద్దు నడిచే దాటొచ్చు. మనకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉంటే చాలు. ఆధార్ ఒక్కదాన్నే నమ్ముకుని వెళ్లొద్దు. మన 100 రూపాయలు అక్కడ 160. ఎవరు ధర చెప్పినా "ఐసీనా, ఎన్‌సీనా?" అని అడిగి తీరాలి. ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్లది. బస్‌పార్క్ దాకా ఆటో అతను 300 అంటే ఎన్‌సీ అనుకుని ఎక్కాం. దిగాక ఐసీ అన్నాడు. ఆ ఒక్క మాట అడగనందుకు 112 రూపాయలు ఎక్కువ ఇచ్చుకున్నాం.

చిత్వన్ జిల్లాలోని ఆశ్రమానికి చేరగానే పిల్లలు వరసగా నిలబడి పూలదండలు వేసి పాట పాడారు. చెల్లెలు కళ్లు తుడుచుకుంది. మర్నాడు ఇద్దరు విదేశీ అమ్మాయిలు వస్తే అదే వరస, అదే పాట. దండ వేయడానికి వంగిన ఆరేళ్ల పిల్లాడి ముఖంలో అలసట చూశాక నాకు లోపల ఏదో తేడాగా అనిపించింది. మాకిచ్చిన గది రేకుల షెడ్డు, నాలుగు మంచాలు, ఏప్రిల్ ఎండ. కరెంటు పోతే ఫ్యాను లేదు. అది సర్దుకున్నాం. కానీ మనిషికి 36,000 తీసుకున్నచోట పిల్లల కంచాల్లో రెండు పూటలా నీళ్ల పప్పూ అన్నమే. లెక్క అడిగితే "ఆఫీసు ఖర్చులుంటాయి మేడమ్" అన్నారు. అంతకు మించి జవాబు రాలేదు.

నాలుగో రోజు హెల్త్ క్యాంప్ పెట్టారు. ఇంటర్ చదివే వయసున్న విదేశీ అమ్మాయి బీపీ చూసి బిళ్లలు ఇస్తోంది. మా చెల్లెల్ని ఇంజక్షన్లు వేయమన్నారు. "రిజిస్టరేది? రేపు ఈ బిడ్డకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు?" అని అడిగింది. ఎవరి దగ్గరా సమాధానం లేదు. "నా సర్టిఫికెట్ ఈ దేశంలో చెల్లదు, నేను సూది పట్టుకోను" అని చెప్పి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆ రోజంతా నాతో కూడా మాట్లాడలేదు.

ఐదో రోజు మూడో తరగతి పిల్లలకు "మేరో ఘర్" అని బోర్డు మీద రాసి, మా ఇల్లు అని నాలుగు వాక్యాలు రాయమన్నాను. అలాంటి చోట అలా అడగొచ్చా అని ఒక్క క్షణం సందేహించాను కూడా. ఒక పాప ఆశ్రమం గురించి రాయలేదు. "మా ఇంట్లో ఆమా, బువా, భాయి ఉన్నారు. దుయీ వటా బాఖ్రా ఛన్" అని రాసింది. అమ్మ, నాన్న, తమ్ముడు, రెండు మేకలు. పెన్సిల్ గట్టిగా అదిమి రాయడంతో అక్షరాలు వెనక పేజీలో కూడా తేలాయి. ఎక్కడున్నారమ్మా అంటే "ఘర్‌మా" అంది. ఇంట్లోనే ఉన్నారట. కొండ జిల్లా నుంచి బాగా చదివిస్తామని తీసుకొచ్చారట. పక్క పిల్లల పుస్తకాలు చూశాను. పదకొండు మందిలో ఏడుగురు అమ్మ గురించే రాశారు.

ఆ రాత్రి చెల్లెలికి చదివి వినిపించాను. "అక్కా, మనలాంటివాళ్లు డబ్బు కట్టి వస్తున్నారు కాబట్టే ఈ పిల్లల్ని ఇంటికి పంపడం లేదు" అంది. తర్వాత తెలుసుకుంటే ఇది కొత్త విషయమే కాదు. 2015 భూకంపం తర్వాత ఇలాంటి ఆశ్రమాల గురించి యునిసెఫ్ బహిరంగంగానే హెచ్చరించింది. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు అక్కడ జీతం లేకుండా కూడా పని చేయకూడదు. మా ఏజెన్సీ ఇవేవీ చెప్పలేదు. ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు.

ఆశ్రమం వదిలేసి, పది కిలోమీటర్ల దూరంలో థారూల (అక్కడి ఆదివాసుల) ఊళ్లో హోమ్‌స్టేగా ఒక ఇంట్లో దిగాం. రెండు పూటల భోజనంతో మనిషికి రోజుకు 900 ఎన్‌సీ, అంటే మన 560 చిల్లర. మట్టి గోడలకు చల్లదనం, అలికిన అరుగు. అన్నం, పప్పు, ఆవనూనెలో వేయించిన కూర, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వడ్డించారు. గుంద్రుక్ అని ఆకులు పులియబెట్టి ఎండబెట్టి పులుసు పెడతారు. ఆ పులుపుకు ఇద్దరికీ గోంగూర గుర్తొచ్చింది. ఆరు రోజులుగా అన్నం కెలుకుతూ కూర్చున్న చెల్లెలు ఆ రోజు మూడుసార్లు వడ్డించుకుంది.

ఆ ఇంటావిడ తోడికోడలు ఆ వార్డు ఆరోగ్య స్వయంసేవిక. మన ఆశా కార్యకర్తలు 2005లో వచ్చారు. వీళ్లు 1988 నుంచే ఉన్నారు, దేశమంతటా 50 వేల మందికి పైనే. నెల జీతం లేదు, ఏదో కొంత భత్యం మాత్రమే. ఏటా నేపాలీ క్యాలెండర్ ప్రకారం వైశాఖంలో, కార్తీకంలో ఐదేళ్లలోపు పిల్లలకు విటమిన్ ఎ వేసేది వీళ్లే. వైశాఖం 6, 7 తేదీల్లో మేం ఆ ఊళ్లోనే ఉన్నాం.

మన దగ్గర సిరప్‌ను చెంచాతో పోస్తారు. అక్కడ క్యాప్సూల్. ఏడాది లోపు వాళ్లకు నీలం, పైవాళ్లకు ఎరుపు. ఆవిడ చిన్న కత్తెరతో కొన కత్తిరించి, బుగ్గలు నొక్కి నోట్లో పిండుతుంది. నూనె చుక్క పెదవి మీద మిగిలితే వేలితో లోపలికి తోస్తుంది. ఏడాది దాటినవాళ్లకు నులిపురుగుల బిళ్ల కూడా. చెల్లెలు పక్కన కూర్చుని ఆ చేతినే చూస్తోంది. "ఎంత శుభ్రమైన చెయ్యి అక్కా" అంది.

మేం మందు ముట్టుకోలేదు. రిజిస్టరులో పేర్లు నేను చదువుతుంటే ఎవరు రాలేదో చెల్లెలు లెక్కపెట్టింది. ముగ్గురు తేలారు. ఎండలో ఇళ్లకు వెళ్లి ఇద్దరిని తీసుకొచ్చాం. మూడోవాడి ఇంటికి ఆవిడే సాయంత్రం వెళ్లింది. ఆ రెండు రోజులకు ఎవరికీ ఏమీ కట్టలేదు.

సేవకే వెళ్లాలనుకుంటే అక్కడి మనిషి పని అక్కడి మనిషే చేస్తున్నచోటికి వెళ్లండి, ఆవిడకు ఏం కావాలో అడగండి. మీ డబ్బుకు లెక్క చెప్పనివాళ్ల దగ్గర ఒక్క రాత్రి కూడా ఉండొద్దు.

పాప సంగతి హోమ్‌స్టే ఇంటి అబ్బాయి చేత 1098కు ఫోన్ చేయించాం. పిల్లల హెల్ప్‌లైన్‌కు అక్కడా అదే నంబరు. వివరాలు రాసుకున్నారు, చూస్తామన్నారు. ఇంటికి వచ్చాక కూడా ఆ అబ్బాయితో రెండుసార్లు వార్డు ఆఫీసులో అడిగించాను. ఈ రోజు శనివారం, అక్కడ ఆఫీసులకు సెలవు. తెరవగానే మళ్లీ వెళ్లమన్నాను.