టేర్ బటన్‌తో నాలుగేళ్లు: పిండిమరలో సీల్డ్ స్విచ్ నిలిచిన తీరు

మా ఎలక్ట్రానిక్ కాటా తూకం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇక్కడ రాస్తున్నది దాని ప్యానెల్ మీదున్న టేర్ బటన్ గురించి మాత్రమే, ఎందుకంటే 2019లో కాటా కొన్నప్పటి నుంచి నన్ను ఏడిపించినదీ, ఆ తరువాత సంతోషపెట్టినదీ అదే. విశాఖపట్నం జ్ఞానాపురంలో మాకు పిండిమర ఉంది. మనిషి తెచ్చిన బియ్యాన్ని మరలో పోశాక, ఖాళీ అయిన డబ్బాను కాటా మీద పెట్టి, టేర్ నొక్కి సున్నా చేసి, ఆడిన పిండిని అందులోనే తూచి ఇస్తాం. రోజుకు సుమారు నూట యాభై మంది వస్తారు. ఒక్కొక్కరికి రెండుసార్లు నొక్కినా మూడు వందలు, అంటే ఏడాది తిరగకముందే లక్ష నొక్కుళ్లు. మొదట ఉన్న రకం చిన్న స్విచ్‌లకు చాలా కేటలాగుల్లో రాసే ఆయుష్షు కూడా లక్షే. మాది ఎనిమిది నెలలకే మొరాయించింది.

మొరాయించడం అంటే ఒక్కసారిగా చచ్చిపోవడం కాదు, అలా పోయినా నయంగా ఉండేది. పదిసార్లలో ఒకసారి నొక్కుడు పడేది కాదు. రద్దీలో మా నాన్నగారు అంకె చూసుకోకుండా పిండి పోసేసేవారు, డబ్బా బరువు కూడా తూకంలో కలిసిపోయేది. ఒక రోజు ఒక ముసలామె స్టీలు డబ్బా చేత్తో ఎత్తి చూపించి, "ఏటి బాబూ, నా డబ్బాకి కూడా కూలి కట్టమంతావేటి?" అని అందరి ముందూ అడిగింది. నాన్నగారు "తప్పైందమ్మా, బటన్ పడలేదు" అని మళ్లీ తూచి ఇచ్చారు గానీ, ముప్పై ఏళ్లుగా ఆ వీధిలో తూకం మీద మాట పడని మనిషికి ఆ రోజు అన్నం సహించలేదు. పైగా ఆ బటన్‌ను మార్చడం స్విచ్ ఖరీదుతో తేలే పని కాదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ వేసిన సీలు ఉంటుంది. దాన్ని తీయాలంటే లైసెన్సు ఉన్న మెకానిక్ రావాలి, బాగుచేశాక మళ్లీ ముద్ర వేయించాలి, అప్పటిదాకా అరువు కాటాతో నెట్టుకురావాలి. పది రూపాయలైనా చేయని వస్తువు కోసం ఇంత తతంగం జరగడమే నా కోపానికి అసలు కారణం. 2021 నాటికి అది రెండుసార్లు జరిగింది.

రెండోసారి తీసిన పాత స్విచ్‌ను మెకానిక్‌ను అడిగి తీసుకున్నాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని కనుక చూడకుండా ఉండలేకపోయాను. పైమూతను బ్లేడుతో ఎత్తితే లోపల మినపబద్దంత ఉబ్బెత్తు రేకు కనిపించింది. నొక్కినప్పుడు అది లోపలికి వంగి కింది కాంటాక్టును తాకాలి. వంగే దూరం మిల్లీమీటరులో పావు వంతు. ఆ రేకు కింద తెల్లటి పిండి పూతలా అంటుకుని ఉంది, వెండి పూత ఉన్న చోట పట్టీలు నల్లబడినట్టు నల్లటి మచ్చ పడింది. ఇంత సన్నని సందులోకి పిండి ఎలా దూరిందా అని ఆలోచిస్తే తట్టిన సంగతి ఇది: బటన్ కంసాలి కొలిమి తిత్తిలా పనిచేస్తుంది. నొక్కినప్పుడల్లా లోపలి గాలి బయటకు పోతుంది, వదిలినప్పుడల్లా బయటి గాలి లోపలికి వస్తుంది, మా దగ్గర ఆ గాలి నిండా పిండే. బటన్ ఊరికే ఉన్నప్పుడు దుమ్ము పడటం వేరు, రోజుకు మూడు వందల సార్లు దుమ్మును తనే పీల్చుకోవడం వేరు. దీనికి తోడు మా వైపు కిటికీ రెక్కల మీద వాలే నల్లటి పొడి, సముద్రపు గాలిలోని చెమ్మ ఉండనే ఉన్నాయి.

అందుకే మూడోసారి నేనే పట్టుబట్టి సీల్డ్ రకం వేయించాను. దాని మీటకూ గూటికీ మధ్య సిలికోన్ రబ్బరు పొర ఉంటుంది, కాబట్టి నొక్కినా వదిలినా బయటి గాలి కాంటాక్టు దగ్గరకు చేరదు. కాంటాక్టు మీద వెండికి బదులు బంగారు పూత ఉన్నదాన్ని ఎంచుకోమని మెకానిక్కే చెప్పాడు. కాటా బోర్డు ఆ స్విచ్ గుండా పంపేది చాలా స్వల్పమైన కరెంటు. వెండి మీద పట్టిన నల్లపొరను ఛేదించే బలం దానికి ఉండదు, బంగారానికి ఆ పొర పట్టదు. మొదటి ఏడాది ఒక్క నొక్కుడు కూడా తప్పలేదు. ఆ ఆనందంలో పక్క వీధి కారం మర ఆయనకూ, కిరాణా కొట్టు ఆయనకూ "ఇది వేయించుకోండి, ఇక బటన్ మాట మరచిపోవచ్చు" అని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

2023 అక్టోబరులో, వానలు తెరిపి ఇవ్వని వారంలో, ఒక ఉదయం కాటా ఆన్ చేస్తే ఏ బరువు పెట్టినా అంకె ఒక్క క్షణం కనిపించి వెంటనే సున్నాకు పడిపోసాగింది. టేర్ తనంతట తానే పడుతోందన్నమాట. సీల్డ్ స్విచ్ కూడా మోసం చేసిందనుకుని నేను పడ్డ బాధ ఇంతా అంతా కాదు. మెకానిక్ వచ్చి, సీలు తీసి, బోర్డును వేరుచేసి మీటర్ పెడితే స్విచ్ నిక్షేపంగా ఉంది. తప్పు దాని మీదున్న ప్లాస్టిక్ టోపీది. ఆ టోపీకీ ప్యానెల్ రంధ్రానికీ మధ్య నూలుపోగంత సందు ఉంటుంది. రెండేళ్ల పిండి అందులో చేరి, చెమ్మకు ముద్దయి, ఎండి గట్టిపడి టోపీని లోపలికి బిగబట్టేసింది. మెకానిక్ గుండుసూదితో చుట్టూ గీకి లాగితే ఆ పిండి విరగకుండా ఉంగరంలా ఊడివచ్చింది. వేలితో నొక్కి చూస్తే ఎండిన అప్పడాల పిండంత గట్టిగా ఉంది. ఇందులో మా తప్పు కూడా ఉంది. రాత్రి మర కట్టేశాక మోటారుతో పాటు కాటా మీద కూడా బ్లోయర్ కొట్టేవాళ్లం. శుభ్రం చేస్తున్నామనుకుంటూ పిండిని మేమే ఆ సందులోకి కూరాం.

ఆ స్విచ్‌కు ఐపీ 67 అని, అంటే దుమ్మునూ నీటినీ ఎంతవరకు ఆపగలదో చెప్పే గుర్తు, ఉంది. అందులో మొదటి అంకె 6కు అర్థం దుమ్ము బొత్తిగా చొరబడదని. ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ పరీక్షను పొడి టాల్కం ధూళి ఎగిరే పెట్టెలో చేస్తారు. ఆ మాట అబద్ధం కాలేదు, మా స్విచ్ లోపలికి ఒక్క రవ్వ కూడా పోలేదు. అయితే టాల్కం చెమ్మకు ముద్ద కట్టి బిగుసుకోదు, పిండి బిగుసుకుంటుంది. పైగా ఆ అంకె స్విచ్‌ది, ప్యానెల్‌ది కాదు. బటన్‌ను రూపొందించేవారు స్విచ్ గూడు దగ్గరే ఆగిపోకుండా వేలు తగిలే చోటి నుంచి ఆలోచించాలని నేను గట్టిగా చెప్పగలిగింది ఈ అనుభవం వల్లనే.

పరిష్కారంగా టోపీలు తీసేసి, ప్యానెల్ మొత్తాన్ని కప్పే ఒకే ప్లాస్టిక్ షీటు అతికించాం. బటన్లు ఉండే చోట చిన్న ఉబ్బులుంటాయి గానీ సందు అన్నది ఎక్కడా ఉండదు, తడిగుడ్డతో ఒక్క తుడుపుతో శుభ్రమవుతుంది. మొదట వేసిన షీటు మాత్రం బెడిసికొట్టింది: ఉబ్బు కింద చిక్కుకున్న గాలికి పోయే దారి లేక నొక్కితే గట్టిగా తగిలేది, వదిలితే ఆలస్యంగా లేచేది. రెండోదానికి అడుగున ఒక ఉబ్బు నుంచి పక్క ఉబ్బుకు సన్నని గాడి ఉంది. నొక్కిన గాలి బయటికి పోకుండా పక్క గదిలోకి జరుగుతుంది. బయటి గాలి రాకూడదు, లోపలి గాలికి తావుండాలి. ఆ రెండూ కుదిరిన బటన్ మీద వేలు పెడితే తేడా వెంటనే తెలిసిపోతుంది.

అప్పటి నుంచి రెండేళ్లుగా బటన్ కోసం కాటా విప్పలేదు. లోపం లేదని కాదు: పాత స్విచ్ "టిక్కు" వేలికి స్పష్టంగా తెలిసేది, రబ్బరూ షీటూ కలిసి దాన్ని మెత్తబరిచాయి. నాన్నగారికి డెబ్బై దాటాయి, వేళ్లకు స్పర్శ తగ్గింది. బీప్ వినబడితే తప్ప నమ్మకం కుదరక వేలి కణుపుతో అదిమి నొక్కుతారు. మా కుర్రాడు గోటితో పొడిచే అలవాటు వల్ల టేర్ ఉబ్బు అంచున తెల్లటి గీత పడింది, అది చిట్లితే మళ్లీ కథ మొదటికి వస్తుంది.

బట్టల కొట్టులోనో కూరగాయల కొట్టులోనో ఈ ఖర్చు అవసరమని నేను అనను. అక్కడ మామూలు స్విచ్చే ఏళ్ల తరబడి నడవవచ్చు. కారం మర ఆయన పాత టోపీలతోనే, బ్లోయర్ మాత్రం మానేసి, నెట్టుకొస్తున్నారు. రోజంతా పిండి ఎగిరే చోట, సముద్రపు చెమ్మలో, రోజుకు మూడు వందల సార్లు నొక్కే మాకు మాత్రం సీల్డ్ స్విచ్‌తో పాటు షీటు కూడా ఉండాల్సిందే. ఈసారి కొత్త కాటా కొనేటప్పుడు బటన్ల బోర్డు సీలు వేసిన పెట్టెకు బయట, విడిగా తీయడానికి వీలుగా ఉందా అన్నది ముందు అడుగుతాను. అటువంటిది దొరికేదాకా ఆ తెల్లటి గీతను వారానికొకసారి చూసుకుంటున్నాను.