నేపాల్ పెరటి తోటల ట్రిప్పు: మూడు స్టార్లే ఇస్తా

దసరా వెళ్లాక ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి పన్నెండు మందిమి బయల్దేరాం, చిత్వన్ వైపు ఒక ఊళ్లో ఇళ్ల వెనకాల కూరగాయల మడులు వేసివ్వడం మా పని. పలాసలో రైలెక్కి హౌరా, అక్కడ్నుంచి రక్సౌల్, బోర్డర్ దాటితే బీర్‌గంజ్. మనకి వీసా అక్కర్లేదు, ఓటర్ కార్డు చాలు, వాచీ మాత్రం పావుగంట ముందుకి తిప్పుకోవాలి.

ట్రిప్పు పెట్టినవాళ్లు తిండి, బస బానే చూశారు. కానీ 'పనిముట్లన్నీ మేమే ఇస్తాం' అని డబ్బులు కట్టించుకుని తీరా అక్కడికెళ్తే పన్నెండు మందికి నాలుగు పారలు, మిగతావాళ్లం గట్టు మీద కూర్చుని ఫొటోలు దిగడమే, విత్తనాలైతే మూడో రోజుకి గానీ రాలేదు, అడిగితే 'వచ్చేస్తాయి సార్' తప్ప ఇంకో మాట లేదు.

మేం మడులు వేసిన ఇంటి పెద్దావిడ మాత్రం సూపర్. నేను నాటిన టమాటా నారు చూసి కిసుక్కున నవ్వి, మొత్తం పీకేసి, కింది ఆకులు గిల్లేసి, మొక్కని మెడదాకా మట్టిలో దించి చుట్టూ గుప్పెడు బూడిద చల్లింది. కాండం నుంచి కూడా వేళ్లు పుడతాయట! ఆవిడ 'కొదాలో' అనగానే పార అడుగుతోందని తెలిసిపోయింది, ఒడియాలో కొదాళ అంటాం కదా. ఆవాకు పులియబెట్టి ఎండబెట్టి గుంద్రుక్ అని చేస్తారు, దాంతో కాచిన పులుసు మొదటిరోజు మొహం చిట్లించుకుని తాగాను, ఆఖర్రోజు మారు అడిగాను.

వెళ్లేవాళ్లు సంచిలో ఒక బొరిగె పడేసుకోండి.