కోడె, క్రేపు, మరక: పశువుల మాటలకు బ్రౌన్ నిఘంటువు ఎంతవరకు పనికొస్తుంది?

బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. నెట్‌లో ఉచితంగా వెతుక్కోవడానికి దొరికేది 1903లో సవరించిన కూర్పు. పాత పద్యాలు చదివేవాళ్లకు ఇది మంచి తోడు. పశువుల అంగడి మాటలకు మాత్రం సగమే పనికొస్తుంది.

'క్రేపు' చూడండి. దూడ అని అర్థం. బమ్మెర పోతన పద్యంలో కృష్ణుడి మీద గోపికల ఫిర్యాదు 'ఆలకుఁ గ్రేపులను విడిచె' అని. దూడలను ఆవుల మీదికి వదిలితే పాలన్నీ అవే తాగేశాయి, ఇళ్లలో పిల్లలకు లేకుండా పోయాయి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ద్రుతం, అంటే 'ఆలకున్' చివరి న్, తర్వాత క కాస్తా గ అయింది. కనబడిందే కదా అని 'గ్రేపులు' కొడితే ద్రాక్షపళ్ల దాకా పోతారు! గ తీసి క పెట్టాలి, చివరి లు తీసేయాలి, ర వత్తు ఉంచాలి. దీన్ని 'చేపు'తోనూ కలపొద్దు. దూడ మూతి పెట్టగానే పొదుగులోకి పాలు దిగడం చేపు. 'బర్రె చేపుతలేదు' అంటే దుడ్డె (బర్రె దూడ) దగ్గర లేకనో, బెదిరిపోయో పాలు బిగబట్టిందని.

'కోడె' దగ్గర నిఘంటువు తేలిపోతుంది. పడుచు గిత్త అన్న అర్థం సరే, కోడెకాడు, కోడెత్రాచు వంటి మాటలూ దాంతో తెలుస్తాయి. కానీ ఎప్పటిదాకా కోడె? విత్తు కొట్టిస్తే, అంటే సంతానం కలగకుండా చేయిస్తే, అది ఎద్దు. అంగడిలో వయసు పళ్లతో చెబుతారు. చూసేది కింది దవడ ముందుపళ్లే, ఎనిమిది ఉంటాయి. పై దవడకు ముందుపళ్లు ఉండనే ఉండవు. రెండేళ్లు దాటాక నడిమి రెండు పాలపళ్లు ఊడి వెడల్పాటివి వస్తాయి. అది 'రెండు పళ్ల కోడె'. తర్వాత నాలుగు, ఆరు. నాలుగేళ్లు దాటాక ఎనిమిదీ నిండుతాయి. అమ్మేవాడు చెప్పిన ఏళ్లు వినొద్దు, మూతి తెరిచి చూడాలి.

ఇక వేములవాడ రాజన్న కోడె మొక్కు. కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేయడం అది. 'కోడె కట్టినం' అన్న మాటను నిఘంటువు పట్టుకుని ఇంగ్లీషులోకి మారిస్తే కొట్టంలో పశువును కట్టినట్టే వస్తుంది.

పెయ్య ఆవుకు పుట్టిన ఆడదూడ, పడ్డ ఎదిగి ఇంకా ఈనని బర్రె. వీటితో పెద్ద ఇబ్బంది లేదు. 'మరక' వెతికేటప్పుడు మాత్రం బట్టల మీది మరక దగ్గరే ఆగిపోవద్దు. మేకల్లో ఆడపిల్ల కూడా మరకే.